సందు వైపు ఇరవై, రోడ్డు వైపు నలభై

నేను పళ్ల డాక్టరుగా బోర్డు కట్టిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవి. ఒక డిగ్రీ. పట్టకార్లు ఆరు. ఎవరో వదిలించుకున్న పాత కుర్చీ ఒకటి. అది పైకి లేచేది గాని కిందికి దిగేది కాదు, దిగాలంటే రోగి దూకాలి. అద్దెకు తీసుకున్న మూల గది. ఇవి కాక మా చెల్లెలు ఇచ్చిన మూడు లక్షలు.

చెల్లెలు బట్టలు కుడుతుంది. సొంతంగా ఒక కుట్టు గది కొనుక్కోవాలని ఆ మూడు లక్షలూ దాచుకుంది. ముందు నీ పని కానీ అన్నయ్యా అని తెచ్చి నా చేతిలో పెట్టింది. వడ్డీ వద్దంది. అసలు వీలైనప్పుడు ఇవ్వమంది. ఎప్పుడైనా క్లినిక్ అమ్మితే మాత్రం అమ్మిన ధరలో సగం తనది అంది. సరే అన్నాను. తెరిచే రోజున అమ్మే రోజు గురించి ఎవడు ఆలోచిస్తాడు? కాగితం రాసుకోలేదు. అసలు నాలుగేళ్లలో తీర్చేశాను. సగం మాట మాత్రం గాలిలో అలాగే ఉండిపోయింది. నిజం చెప్పాలంటే పెట్టుబడి ఆమెది, పళ్లు జనానివి, నాది ఒక్క చెయ్యి.

ఇక ఆ గది సంగతి చెప్పాలి, ఎందుకంటే నా తెలివంతా అందులోనే ఉంది. దానికి రెండు తలుపులు. ఒకటి పెద్ద రోడ్డు మీదికి, ఒకటి వెనక సందులోకి. నగరం హద్దు సరిగ్గా గది మధ్యలోంచి పోతుంది. కుర్చీ నగరంలో ఉంటే, రోగి ఉమ్మే గిన్నె పక్క ఊళ్లో ఉంటుంది. నగరంలో వ్యాపారానికి వచ్చిన ప్రతి వందకీ ఐదు పన్ను. పక్క ఊళ్లో రెండున్నర. ప్రధాన ద్వారం ఏ ఊళ్లో ఉంటే వ్యాపారం ఆ ఊరిదని రూలు. నేను వ్యాపారస్తుడి కొడుకుని. ప్రధాన ద్వారం సందు వైపుదని రాసిచ్చాను.

జనం మాత్రం రోడ్డు వైపు నుంచే వచ్చేవాళ్లు. సందులో చెత్త డబ్బాలు, పిల్లులు తప్ప ఏమీ లేవు. ఏడాదికి ఒక్కసారి పక్క ఊరి తనిఖీ అధికారి, ముందుగా కబురు పంపి మరీ, వచ్చేవాడు. ఆ ఒక్క రోజు రోడ్డు తలుపుకి తాళం వేసి, సందులోకి బాణం గుర్తు పెట్టేవాణ్ణి. బుగ్గలు వాచినవాళ్లు పిల్లుల మధ్య నుంచి నడిచి వచ్చేవాళ్లు. అధికారి చూసి, సంతకం పెట్టి, ఉచితంగా పళ్లు శుభ్రం చేయించుకుని వెళ్లేవాడు. ఇలా ఇరవై నాలుగేళ్లు గడిచాయి. ఆ వెనక తలుపు నన్ను కూర్చోబెట్టి తిండి పెట్టిందని అనుకునేవాణ్ణి.

తర్వాత నా కుడిచేతి బొటనవేలు మొద్దుబారింది. నరాల డాక్టరు సూదితో గుచ్చి, తెలుస్తోందా అని అడిగాడు. ఇంకా గుచ్చలేదేమో అనుకున్నాను. మళ్లీ బాగుపడదని తేల్చేశాడు. ఆ వారమే ఒక పెద్దాయన పుచ్చు దంతం పీకబోయి దాని పక్కనున్న మంచిదాన్ని పట్టుకున్నాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఏది పట్టుకున్నానో తెలియని చేతితో కూరగాయలు తరగొచ్చు గాని వైద్యం చేయకూడదు. అమ్మక తప్పదని అర్థమైంది.

సరిగ్గా అప్పుడే చెల్లెలు అద్దెకుంటున్న కుట్టు గదిని దాని యజమాని అమ్మకానికి పెట్టాడు. పద్దెనిమిది లక్షలు. రెండు నెలల గడువు. ఆ లోపు తను కొనకపోతే ఫోన్లు బాగుచేసే అతనికి ఇచ్చేస్తానన్నాడు. ఆ గదిలో ఆమె పందొమ్మిదేళ్లుగా కుడుతోంది. ఆ వీధి వీధంతా కొలతలతో సహా ఆమె నోటికి వచ్చు. ఇంకో చోటికి పోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, ఆమెకి యాభై దాటాయి. మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, నీకు అమ్మక తప్పదు, నాకు కొనక తప్పదు, సగం లెక్క గుర్తుందిగా అంది. గుర్తుంది అన్నాను. గుర్తుంది అనడానికి ఖర్చు లేదు కదా.

క్లినిక్‌కి విలువ కట్టడానికి ఒక అమ్మాయిని పిలిపించాను. చేతిలో టేపు, చంకలో పుస్తకం. కుర్చీ మీద వేలితో గీసి దుమ్ము చూసింది. ఎక్స్‌రే మిషను వయసు అడిగింది. మూడేళ్ల రాబడి పుస్తకాలు తిరగేసింది. ఏడాదికి నలభై లక్షల రాబడి ఉందని తేలింది. అద్దె, జీతాలు, మందులు పోగా అందులో నాకు ఎంత మిగిలేదో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అన్నీ అయ్యాక విలువ ఇరవై లక్షలు అంది.

సగమేమిటని అడిగాను. నగరంలో పళ్ల క్లినిక్ ఏడాది రాబడికి పోతుందట. పక్క ఊళ్లో ఆర్నెల్ల రాబడికే పోతుందట. కొనేవాళ్లకి బ్యాంకు అప్పు కూడా అదే లెక్కన ఇస్తుందట. నా క్లినిక్ చిరునామా సందు.

“అమ్మా, అదే కుర్చీ, అవే నోళ్లు, అదే నేను. గోడకి అటూ ఇటూ ఇంత తేడానా?”

“మీకు తేడా లేదండీ. చిరునామాకి ఉంది.”

ఇరవైలో సగం పది. పదితో చెల్లెలి గది రాదు. ఆ మాట నాకు తోచలేదని అనను, తోచింది. కానీ దానికంటే ముందు నా కళ్ల ముందు నలభై అనే అంకె వెలిగింది. మర్నాడు పొద్దున్నే, ఇంకా తలుపులు సరిగ్గా తెరవకముందే, నగరం పన్నుల కార్యాలయం మెట్ల మీద ఉన్నాను.

అక్కడి గుమాస్తా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తన కాళ్ల మీద తను నడిచొచ్చి, మా దగ్గర పన్ను కట్టించుకోండి అని అడిగిన మనిషిని ఆయన తన ఉద్యోగంలో చూడలేదట. టీ తెప్పించాడు. నేను సంగతి చెప్పాను. ప్రధాన ద్వారం రోడ్డు వైపుకి మార్చుకోవాలని ఉంది, అంతే. ఆయన అంతా శ్రద్ధగా విని, రోడ్డు తలుపు ఎప్పటి నుంచి ప్రధాన ద్వారంగా ఉంది అని అడిగాడు. ఈ ఏడాది నుంచి అన్నాను. ఓసారి వచ్చి చూస్తానన్నాడు.

వచ్చాడు. టేపు, సన్నటి ఇనుప బద్ద తెచ్చుకున్నాడు. నోళ్లు చూస్తాడేమో, పుస్తకాలు చూస్తాడేమో అనుకున్నాను. ఆయన గడప రాళ్లు చూశాడు. రోడ్డు వైపు గడప రాయి మీద బద్దను అడ్డంగా పెట్టి, మధ్యలో ఎంత గుంట పడిందో వేలు దూర్చి కొలిచాడు. ఒక వేలు మందం. తర్వాత సందు వైపు వెళ్లాడు. అక్కడి రాయి మీద చెక్కినవాడి ఉలి గాట్లు నిన్న పెట్టినట్టే ఉన్నాయి.

“ఒక్క ఏడాదిలో ఇంత అరగాలంటే ఊరంతా ఇక్కడే పళ్లు పీకించుకోవాలి. రాయికి అబద్ధం చెప్పడం రాదండీ,” అన్నాడు.

ఇరవై నాలుగేళ్లుగా ప్రధాన ద్వారం రోడ్డు వైపుదే అని రాసుకున్నాడు. చట్టం ప్రకారం ఆరేళ్ల వెనక్కి మాత్రమే వెళ్లగలరట. పక్క ఊరికి కట్టింది తీసేసి, మిగతా తేడా, జరిమానాతో కలిపి ఆరు లక్షలు. అంతకు ముందు పద్దెనిమిదేళ్ల సంగతేమిటని నోరుజారి అడిగాను. అది మీ అదృష్టం అన్నాడు. చాలా బాధగా అన్నాడు.

జీవితమంతా పక్కవాళ్లని నోరు తెరవమన్నవాణ్ణి, నేను తెరిచి చెడ్డాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మా వృత్తిలో అలాంటివి జరగకుండా చూసుకుంటాం.

ఆ సాయంత్రం ఒక మందుల పెట్టె అట్ట వెనక లెక్క వేశాను. నగరంలో అమ్మితే ధర నలభై. అందులో చెల్లెలికి ఇరవై. నగరంలో అమ్మకం మీద ఐదో వంతు పన్ను, అది ఎనిమిది. పాత బకాయి ఆరు. విలువ కట్టినందుకూ, కాగితాలకీ ఒకటి. నాకు మిగిలేది ఐదు. ఇప్పుడు సందు లెక్క. ధర ఇరవై. చెల్లెలికి పది. పక్క ఊళ్లో అమ్మకం పన్ను ఇరవయ్యో వంతే, అంటే ఒకటి. కాగితాలకి పెద్దగా ఖర్చు లేదు. నాకు తొమ్మిది. అంటే నా క్లినిక్ ఎంత తక్కువకి పోతే నాకు అంత ఎక్కువ. ఇలాంటి సరుకుని మా నాన్న తన కొట్లో కూడా అమ్మి ఉండడు.

అట్ట తీసుకెళ్లి మా ఆవిడకి చూపించాను. క్లినిక్‌లో కౌంటర్ దగ్గర కూర్చునేది ఆవిడే. రాబడి పుస్తకాలన్నీ ఆవిడ చేతివే. పైనుంచి కిందికి చదివి అట్ట తిరిగి ఇచ్చేసింది.

“అందరూ లెక్క వేసుకుని గడప దాటతారు. మీరు దాటొచ్చి లెక్క వేస్తున్నారు.”

గుమాస్తా రాసుకుపోయాడు కాబట్టి సందు చిరునామాకి ఇక తిరిగి వెళ్లలేను. తొమ్మిది లక్షలు గాలిలో కలిసిపోయాయి. కానీ ఐదు దగ్గరే ఆగాలని ఎక్కడా రాసి లేదు. ధరలో సగం అని అప్పుడు అన్నాం. ధర అంటే ఖర్చులు పోగా మిగిలింది అని ఎందుకు అనుకోకూడదు? నలభైలో పదిహేను ఖర్చు. మిగిలింది ఇరవై ఐదు. తలా పన్నెండున్నర. న్యాయంగా, అందంగా, రెండు వైపులా సమానంగా ఉన్న లెక్క. దానిలో ఉన్న లోపం ఒక్కటే. పన్నెండున్నరతో చెల్లెలికి గది రాదు. ఐదున్నర తక్కువ పడుతుంది.

ఆ మాట మా ఆవిడ అంది. అప్పు తెచ్చుకోవచ్చు కదా అన్నాను నేను. యాభై దాటిన కుట్టుపని మనిషికి ఏ బ్యాంకు ఇస్తుంది అంది. ఆ ఫోన్ల వ్యాపారి ఇప్పటికే వచ్చి గోడలు కొలుచుకుపోయాడని కూడా చెప్పింది. చివరికి, చెప్పదల్చుకుంటే మీరే చెప్పుకోండి, ఆ పూట నేను కౌంటర్ దగ్గర ఉండను అని లోపలికి వెళ్లిపోయింది.

ఈలోగా కొనే మనిషి దొరికింది. నలభై ఏళ్ల డాక్టరమ్మ, నగరంలో ఇప్పటికే రెండు క్లినిక్‌లు నడుపుతోంది. కుర్చీ చూసి నవ్వింది. అది మొదటి కుర్చీ కాదు, నాలుగోది, అయినా నవ్వింది. బేరం ఆడలేదు. బ్యాంకు నలభై ఇస్తానంది కాబట్టి నలభై అంది. నేను పాత బకాయి ఆరు కట్టి, రసీదు చూపించి, కొత్త చిరునామా కాగితం ఆమె చేతిలో పెట్టాను. నెలాఖరుకి నాలుగు రోజుల ముందు డబ్బు పడుతుందన్నారు. చెల్లెలి గడువు కూడా ఆ నెలాఖరే.

డబ్బు పడిన రోజు చెల్లెల్ని క్లినిక్‌కి రమ్మన్నాను. వస్తూనే రోడ్డు మీద నిలబడి, ఇవాళ ఏ తలుపులోంచి రమ్మంటావు అన్నయ్యా అని అడిగింది. సంగతి ఊరంతా పాకిందన్నమాట. రోడ్డు వైపు నుంచే రమ్మని, నీ పళ్లు చూసి చాలా రోజులైంది కదా అని కుర్చీలో కూర్చోబెట్టాను.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. ఖర్చు ఎంతవుతుందో రోగికి చెప్పాల్సింది నోట్లో దూది ఉన్నప్పుడు. దూది లేనప్పుడు చెబితే బేరం. దూది ఉన్నప్పుడు చెబితే అంగీకారం. ఇరవై నాలుగేళ్లలో ఈ పద్ధతి ఒక్కసారి కూడా వమ్ము కాలేదు. చెల్లెలికి రెండు బుగ్గల్లోనూ దూది చుట్టలు పెట్టాను, నాలుక కింద ఒకటి పెట్టాను. దీపం కళ్ల మీదికి తిప్పాను. అప్పుడు మొదలుపెట్టాను. ధర నలభై. అమ్మకం పన్ను ఎనిమిది. పాత బకాయి ఆరు. కాగితాలు ఒకటి. మిగిలింది ఇరవై ఐదు. నీకు పన్నెండున్నర, నాకు పన్నెండున్నర. ఇంతకన్నా న్యాయం ఉండదు కదమ్మా అన్నాను. తక్కువ పడిన దానికి ఎక్కడైనా సర్దుకోవచ్చని కూడా అన్నాను.

చెల్లెలు కదల్లేదు. దీపం వైపే చూస్తూ పడుకుంది. పెదవుల మధ్య పదేసి గుండుసూదులు పట్టుకుని పొద్దంతా కుట్టే మనిషి. నోట్లో ఏదైనా ఉంటే ఆలోచన ఇంకా బాగా సాగుతుందని నాకు అప్పుడు తట్టలేదు. కాసేపటికి లేచి కూర్చుని, ఒక్కొక్క దూది చుట్టా తనే తీసి, పళ్లెంలో వరసగా పెట్టింది.

“లెక్క బాగుంది అన్నయ్యా. ఖర్చులో సగం నాదంటున్నావు. సరే, ఒప్పుకుంటున్నాను. మరి మిగిలిన దాంట్లో సగం ఏది?”

“చెప్పాను కదా, పన్నెండున్నర.”

“అది కాదు. సందు తలుపు పేరు చెప్పి ఇన్నేళ్లూ కట్టకుండా మిగుల్చుకున్నావే, ఆ పన్ను. ఇప్పుడు బకాయి కడితే సగం నా నెత్తిన వేస్తున్నావు. మిగిలినప్పుడు ఒక్క ఏడాదైనా అందులో సగం నాకు పంపావా?”

అదంతా ఎవరు లెక్క పెట్టారమ్మా, ఎప్పటి మాటలో అన్నాను.

“వదిన పెట్టి ఉంటుంది.”

ఆ పూట ఉండనన్న మా ఆవిడ పక్క గది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో నీలం అట్ట పుస్తకం. నన్ను చూడకుండా చదివింది. నగరంలో కట్టాల్సింది ఇంత, సందులో కట్టింది ఇంత, ఏడాదికి ఏడాది తేడా. మొదట్లో వేలల్లో ఉంది, తర్వాత లక్షకి ఎక్కింది. ఇరవై నాలుగేళ్లకీ కలిపి పదహారు లక్షలు.

ఇక నోటిలెక్కే. పదహారులో సగం ఎనిమిది. పన్నెండున్నరకి ఎనిమిది కలిపితే ఇరవైన్నర. నేను తయారుచేసిన న్యాయం ప్రకారం చెల్లెలికి ఇవ్వాల్సింది ఇరవైన్నర లక్షలు. ఇరవై నాలుగేళ్ల కిందటి ఉత్త మాట ప్రకారం ఇరవై. మా నాన్న కొట్లో తక్కెడ ముందు పెరిగినవాణ్ణి, రెండు క్షణాలు పట్టింది.

“మాట అంటే మాటే,” అన్నాను, కొంచెం గట్టిగా. “ధరలో సగం అన్నాను, ధరలో సగమే ఇస్తాను. ఖర్చులన్నీ నావి. ఇరవై.”

మా ఆవిడ పుస్తకం మూసింది. చెల్లెలు నా మొహంలోకి చూసింది. అన్నయ్య ఎప్పుడు ఎందుకు మంచివాడవుతాడో చిన్నప్పటి నుంచీ ఆమెకు తెలుసు.

“ఆ అర లక్ష నువ్వే ఉంచుకో, వేలికి మందు కొనుక్కుందువు గాని,” అంది. మళ్లీ కుర్చీలో వెనక్కి వాలింది. “ఎలాగూ ఎక్కాను. ఆ పళ్లేవో చూడు.”

అద్దం పెట్టి చూశాను. పై వరుస, కింది వరుస, ఒక్క పుచ్చు లేదు. ఫీజు తీసుకోలేదు.

మర్నాడు బ్యాంకుకి వెళ్లి ఇరవై లక్షలు ఆమె పేర మార్చాను. సంతకం ఎడమ చేత్తో పెట్టాల్సి వచ్చింది, మేనేజరు రెండుసార్లు పెట్టించుకున్నాడు. గడువుకి రెండు రోజుల ముందు కుట్టు గది చెల్లెలిదైంది. ఫోన్ల వ్యాపారి తను గోడ మీద గీసుకున్న గీతలు తుడిచి వెళ్లాడు. ఆమె తుడిపించింది.

తాళాలు ఇవ్వడానికి వారం తర్వాత క్లినిక్‌కి వెళ్లాను. ఇద్దరు మేస్త్రీలు పలుగులతో గడప రాళ్లు పెకలిస్తున్నారు. రోడ్డు వైపు అరిగిన రాయిని సందు వైపుకి, సందు వైపు ఉలి గాట్ల రాయిని రోడ్డు వైపుకి మారుస్తున్నారు. డాక్టరమ్మ గొడుగు వేసుకుని దగ్గరుండి చేయిస్తోంది. ఇదేమిటమ్మా అని అడిగాను. అప్పు ఇచ్చేది నగరం లెక్క చూసి కాబట్టి నగరం లెక్కలో కొన్నాను, పన్ను కట్టేది నేను కాబట్టి పక్క ఊరి లెక్కలో కట్టుకుంటాను అంది. ఆ గుమాస్తా గడప రాళ్లు తప్ప ఇంకేమీ చూడడట, కనుక్కుందట. నా బకాయి రసీదు నకలు కూడా ఒకటి ఇమ్మంది. ఏ పొరపాటు ఎంత ఖరీదు పడుతుందో గోడకి తగిలించుకుంటుందట. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని విన్నాను గాని, ఇలా గొడుగు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉండగా చూడలేదు. తాళాలిచ్చి వచ్చేశాను.

ఇప్పుడు చివరి లెక్క. ఇరవై నాలుగేళ్లలో తిన్నదీ కట్టుకున్నదీ తీసేసి రాస్తున్నాను. క్లినిక్ అమ్మగా వచ్చింది నలభై లక్షలు. చెల్లెలికి ఇచ్చింది ఇరవై. దానితో ఆమెకు గది వచ్చింది, పైన రెండు లక్షలు మిగిలాయి, ఆ రెండింటితో కొత్త మిషను కొంది. నగరానికి పోయింది, అమ్మకం పన్నూ పాత బకాయీ కలిపి, పద్నాలుగు. కాగితాలకి ఒకటి. నాకు మిగిలింది ఐదు లక్షలు. ఆ ఐదులో నాలుగున్నర వ్యాపారం వల్ల వచ్చింది. మిగతా యాభై వేలు ఇచ్చిన మాట మీద నిలబడటం వల్ల మిగిలాయి. ఆ పద్దు కింద నాకు వచ్చిన మొదటి ఆదాయం అదే కాబట్టి, విడిగా రాసుకున్నాను.